మేడ మీద పరిగెత్తిన పెద్ద సిస్టరు

మొన్న ఆదివారం మా నరసాపురంలో పరుగు పందెం పెట్టారు. దేనికోసమో బ్యానరు మీద రాశారు గానీ, కాలవ గాలికి అది మడతపడిపోయి సగమే కనబడింది. నేను చర్చికి తయారై, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వరండాలోకి వచ్చేసరికి, గట్టు రోడ్డు మీద ఒకే రంగు బనియన్లు వేసుకుని, గుండెల మీద అంకెల కాగితాలు పిన్నీసులతో తగిలించుకుని, కుర్రాళ్ళూ, కుర్రాళ్ళమనుకునే పెద్దాళ్ళూ వరసగా పోతున్నారు. మధ్యలో ఎవరిదో గేదె అడ్డం పడింది. అది కదలదు, వీళ్ళు ఆగరు. ఎదురింటావిడ ముగ్గు చిప్ప పట్టుకుని నిలబడిపోయి, "ఏవండీ నర్సమ్మగారూ, ఇంత పొద్దున్నే వీళ్ళనెవరు తరుముతున్నారండీ?" అని అడిగింది. నవ్వొచ్చింది గానీ నా దృష్టి వాళ్ళ మడమల మీద ఉంది. మడమ నేలకి ఎలా తగులుతోందో చూస్తే ఆ మనిషి ఎంతదూరం వెళ్ళగలడో చెప్పొచ్చని నాకొకావిడ నేర్పింది. అందరూ పోయాక చిట్టచివర, తల నెరిసినావిడ ఒకర్తె, పంజాబీ డ్రెస్సులో, పొట్టి పొట్టి అడుగులతో, ఎవరితోనూ పోటీ లేనట్టు పరిగెత్తుకుంటూ వెళ్ళింది. అంతే, లోపలికి వచ్చి మంచం మీద కూర్చుండిపోయాను. ఆ వేళ నేను చర్చికి వెళ్ళేసరికి పాస్టరుగారి వాక్యం కూడా సగం అయిపోయింది.

నాకు మడమల సంగతి నేర్పినావిడ అమెరికా మనిషి. సౌదీ అరేబియాలో ఖసీం అనే ప్రాంతంలో ఉనైజా అని ఒక ఊరుంది. ఊరంటే ఖర్జూరపు తోటలు, ఖర్జూరం సంత, వాటి మధ్యన కొంతమంది మనుషులు. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను పదకొండేళ్ళు నర్సుగా పనిచేశాను. నర్సులకి ట్రైనింగ్ ఇచ్చే పెద్దావిడ ఈవిడే. మలయాళీ అమ్మాయిలు మేడమ్ అనేవారు, ఫిలిప్పీన్స్ వాళ్ళు మామ్ అనేవారు, తెలుగువాళ్ళం నలుగురం మాత్రం పెద్ద సిస్టరు అనేవాళ్ళం. అప్పటికే యాభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండు కట్టెలా, ఒంటి మీద చిటికెడు కండ అదనంగా లేకుండా ఉండేది. మెట్లెక్కితే మాకు ఆయాసం వచ్చేది గానీ ఆవిడకి మాట కూడా తడబడేది కాదు. తిండి విషయంలో మటుకు మహా పేచీకోరు. మేం గోంగూర పచ్చడి పెడితే చెంచాతో విడిగా తినేసి, "దీంతో అన్నం ఎందుకు పాడుచేసుకుంటారు?" అనేది.

చేరిన మొదటి వారంలోనే నా పరువు పోయింది. కొత్తగా వచ్చిన నర్సులు నాడి ఎలా చూస్తారో, బీపీ ఎలా తీస్తారో ఆవిడ స్వయంగా పరీక్షించేది. నాకు తన చెయ్యే ఇచ్చింది. పట్టుకుని చూశాను. కొట్టుకుంటుంది, తర్వాత ఏమైపోయిందో తెలియనంతసేపు ఆగుతుంది, మళ్ళీ కొట్టుకుంటుంది. నా వాచీ ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై నాలుగు. పుస్తకంలో డెబ్బై రెండని చదువుకుని వచ్చినదాన్ని, నాకు చెమటలు పట్టాయి. "సిస్టర్, ముందు మీరు పడుకోండి, నేను డాక్టర్ని పిలుచుకొస్తాను" అని లేచిపోయాను. గదిలో పాతవాళ్ళందరూ ఒకటే నవ్వు. ప్రతి కొత్త పిల్లకీ ఆవిడ ఇదే పరీక్ష పెడుతుందట. అప్పుడు ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆవిడ చెప్పింది ఇంగ్లీషులోనే, నేను నా భాషలో చెబుతున్నాను. "అమ్మాయ్, దూరాలు పరిగెత్తేవాళ్ళ గుండె ఇలాగే నెమ్మదిగా కొట్టుకుంటుంది. పుస్తకంలో ఉన్న డెబ్బై రెండు ఎవరిదో నాకు తెలీదు. నువ్వు పట్టుకున్న చెయ్యి ఎవరిదో ముందు అది తెలుసుకో." నేను బుద్ధిగా తలూపాను. ఆ వయసులో తలూపడానికేం కష్టం.

ఆవిడ మారథాన్ పరుగు మనిషి అని అలా తెలిసింది. మారథానంటే నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు. మా ఊరి నుంచి భీమవరం వెళ్ళి, అక్కడ టీ కూడా తాగకుండా వెనక్కి తిరిగి, పాలకొల్లు చేరేంత దూరమేమో అని లెక్కలు వేసుకుని, మనసులోనే ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడది మొక్కజొన్న పండించే పల్లె. ఇద్దరు ఆడపిల్లల్లో పెద్దది. స్కూలు బస్సు ఇంటికి దూరంగా ఆగేదట, రోజూ ఆలస్యమే, రోజూ పరుగే. ఆ రోజుల్లో ఆడపిల్లలకి దూరపు పందేలు లేవు. అంతంత దూరం పరిగెత్తితే ఆడవాళ్ళకి కడుపులో ఏవో జారిపోతాయని డాక్టర్లే అనేవారట. "డాక్టర్లు చెప్పేదంతా రాసుకో, నమ్మేది మాత్రం చూసి నమ్ము" అని మాకు చెప్పేటప్పుడల్లా ఈ సంగతి ఎత్తేది. మగపిల్లల పరుగు మాస్టారు జాలిపడి, అందరికన్నా వెనక, ఎవరికీ అడ్డం రాకుండా పరిగెత్తమన్నాడు. నెలరోజులు వెనకాలే పరిగెత్తింది, తర్వాత కుదర్లేదట. ఎందుకని అడిగితే, "వాళ్ళు చాలా నెమ్మదిగా పోతున్నారు" అంది.

నర్సు చదివింది. పగలు డ్యూటీ, తెల్లవారకముందు పరుగు. పందేలకి బస్సుల్లో వెళ్ళి, పరిగెత్తి, అదే బస్సులో వెనక్కొచ్చి డ్యూటీ ఎక్కేది. గెలిస్తే ఏమిచ్చేవారని మా రూమ్మేటు ఆశగా అడిగింది. ఒకసారి రొట్టెలు కాల్చే మిషను, ఒకసారి మగవాళ్ళ సైజు బూట్లు, వాళ్ళ ఊరి పందెంలో గెలిచిన ప్రతిసారీ ఒక గంప ఆపిల్ పళ్ళు. ఆ ఊరి పందెం ఏటా మొక్కజొన్న కోతల టైములో జరిగేది, వాళ్ళ నాన్న చేను పక్క నుంచే దారి. అక్కడ ఆవిడకి ఎదురు లేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టేసరికి ఆవిడకి ముప్పై అయిదు నిండిపోయాయి. ఎలాగైతేనేం, సెలెక్షన్ పందెంలో నిలబడింది. మొదటి ముగ్గురిని తీసుకుంటారు. చివరిదాకా మూడో మనిషి ఈవిడే. ఆఖర్న వెనక నుంచి ఒకమ్మాయి దాటిపోయింది. ఎంత తేడాలో అని నేనడిగితే, వార్డులో మేం కూర్చున్న మంచం చూపించి, "ఇక్కడినుంచి ఆ తలుపు దాకా" అంది.

ఓడిపోయినందుకు కాదు, ఊళ్ళోవాళ్ళ జాలికి బాధపడిందట. పాలవాడి దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా కనబడితే చాలు, అయ్యో పాపం, కొద్దిలో తప్పిపోయిందే అని. ఆపిల్ పళ్ళ పందెంలో కూడా ఆ తర్వాత పరిగెత్తలేదు. కొన్నేళ్ళు అలాగే గడిపి, సౌదీలో నర్సు ఉద్యోగాలున్నాయని పేపర్లో చూసి సంతకం పెట్టేసింది. ఆడవాళ్ళు వీధిలో పరిగెత్తకూడని దేశానికి పరుగు మనిషివి ఏరి కోరి ఎందుకొచ్చావు తల్లీ అని నేను మొహం మీదే అడిగాను. "అందుకే వచ్చాను. పరుగు మానేద్దామని" అంది. మానేసింది కూడా. సరిగ్గా రెండు నెలలు. మూడో నెలలో హాస్టల్ మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది, ఆ తర్వాత మేడ మీదికి చేరింది. రెండేళ్ళ కాంట్రాక్టుకి వచ్చిన మనిషి పాతికేళ్ళు ఆ మేడ మీదే పరిగెత్తింది.

మా హాస్టల్ మేడ చుట్టూ మనిషెత్తు గోడ. లోపల నీళ్ళ ట్యాంకులు, ఏసీల డబ్బాలు, మా యూనిఫారాలు ఆరేసిన తాళ్ళు. వాటి మధ్యనుంచి దారి చేసుకుని, పొడుగు గౌను, తలకి గుడ్డ, కాళ్ళకి బూట్లతో తెల్లవారుజామున ఫజర్ నమాజు అయిన దగ్గర్నుంచి ఎండ ఎక్కేదాకా చుట్లు తిరిగేది. నా పని చుట్లు లెక్కపెట్టడం. పది చుట్లకి ఒక ఖర్జూరపు గింజ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలో వెయ్యాలి. మొత్తం మారథానుకి మూడు వందల ఎనభై చిల్లర చుట్లు, అంటే ముప్పై ఎనిమిది గింజలు. గింజలు కావాలంటే ఖర్జూరాలు ఎవరో ఒకరు తినాలి కదా. ఉనైజా సుక్కరీ ఖర్జూరం నోట్లో పెడితే బెల్లపు పాకంలా కరిగిపోతుంది. ఆవిడ పరిగెత్తీ పరిగెత్తీ సన్నబడుతూంటే, నేను కూర్చుని లెక్కపెట్టీ లెక్కపెట్టీ యూనిఫారం రెండుసార్లు వదులు చేయించుకున్నాను. పరుగుకి ముందు నాడి చూసి పుస్తకంలో రాసేదాన్ని, నలభై నాలుగు. అయ్యాక మళ్ళీ చూసేదాన్ని. కాసేపటికి అది దిగి దిగి మళ్ళీ తన చోటికి చేరుకునేది. ఆ చెయ్యి నాకు అలవాటైపోయింది.

మేడ తాళం మెయింటెనెన్స్ అన్న దగ్గర ఉండేది. అతనిది జగిత్యాల వైపు పల్లె. మోటార్లు, పైపులు, ఏసీలు, అన్నీ అతనే. ఈ ఆడవాళ్ళ హాస్టల్లోకి రావడానికి దగ్గుకుంటూ, గొంతు సవరించుకుంటూ, మెట్ల కింద నుంచే కేకేసి వచ్చేవాడు. ఒకరోజు తాళం తీసి ఇస్తూ నాతో అన్నాడు: "సిస్టరమ్మా, గీ పెద్దమ్మ పొద్దుగాల లేశి గిన్ని సుట్లు ఉరుకుతది గదా, యాడికన్న వోతదా? తిరిగి తిరిగి మల్ల గీ ట్యాంకి కాడికే వస్తది!" నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టి ఆవిడకి చెబితే, పరుగు ఆపి మరీ నవ్వింది. పాతికేళ్ళలో నా పరుగుని అర్థం చేసుకున్నది ఆయనొక్కడే అంది. అతనికి ఆ మాట చెబితే సిగ్గుపడిపోయి, ఆ మర్నాడు తాళ్ళన్నీ విప్పి, ఆవిడ దారికి అడ్డం లేకుండా పక్కకి కట్టాడు. మా దుప్పట్లు మటుకు నెలరోజులు సరిగ్గా ఆరలేదు.

అలా ఉండగా నితాఖాత్ అని సర్కారు కొత్త చట్టం వచ్చింది. కంపెనీలో ఆ దేశపు మనుషులు ఇంతమంది ఉండాలి, లేకపోతే కంపెనీకి రంగు మారుతుంది. ఆకుపచ్చయితే దర్జా, పసుపయితే భయం, ఎరుపయితే అంతే సంగతులు. పైగా విదేశీ మనిషికి తలకింత అని లెవీ పన్ను. మా ఆసుపత్రి పసుపులో పడింది. మన వైపు పసుపంటే శుభం, ఆ ఏడు మాత్రం ఆ రంగు పేరెత్తితే హాస్టల్లో అన్నం దిగేది కాదు. ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, గడువు తీరినవాళ్ళది తీరినట్టే ఆగిపోయింది. ఆఫీసులో కాగితాలు చూసేది ఒక హైదరాబాదాయన. మంచి మనిషే, ఏం చేస్తాడు? "క్యా కర్నా సిస్టర్, నేనేం కావాలని చేస్తలేను. కంప్యూటరే తీసుకుంట లేదు" అని స్క్రీన్ మావైపు తిప్పి చూపించేవాడు. మా రూమ్మేటు వెళ్ళిపోయింది, ఇద్దరు మలయాళీ అమ్మాయిలు వెళ్ళిపోయారు, ఎమర్జెన్సీలో నలుగురం చేసే పని ఇద్దరం చేస్తున్నాం. నాది ఇంకా ఏడాది ఉంది. పెద్ద సిస్టరుది ఆ ఎండాకాలంతో అయిపోతుంది. వయసు దాటిందని కూడా ఒక కారణం రాశారు. ఇంక తిరిగి రాకుండా వెళ్ళిపొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు. పాతికేళ్ళ మనిషికి పాస్‌పోర్టులో ఒక ముద్ర.

ఆవిడ ఏడుస్తుందేమో అనుకుని టీ పెట్టుకుని గదికి వెళ్ళాను. ఆవిడ నేల మీద కూర్చుని బూట్లకి కొత్త తాళ్ళు ఎక్కిస్తోంది. చెల్లెలితో ఫోన్లో మాట్లాడిందట. ఆ చేను చెల్లెలే చూసుకుంటోంది. ఆపిల్ పళ్ళ పందెం ఇంకా జరుగుతోందట, కోతల టైములోనే. "ఆ పందెం పరిగెత్తుతాను. అది ఒక్కటీ పూర్తిచేసి ఇంక బూట్లు విప్పేస్తాను" అంది. గెలవడానికి కాదు. ఊరందరి ముందూ, వాళ్ళ జాలి ముందూ, గీత దాటాలని. పాతికేళ్ళు ఈ దేశంలో దాక్కున్నాను, ఇంక చాలు అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం కళ్ళు తడిశాయి. ఆవిడకంటే నాకే ఎక్కువ ఆశ పుట్టింది. మెయింటెనెన్స్ అన్నకి చెబితే, "గెల్వకున్నా మంచిదే, ఇంటికి వొయ్యి ఉరుకుతనంటుంది సూడు, గది గొప్ప" అన్నాడు. అప్పటినుంచి మా ముగ్గురికీ ఆ పందెమే పని. పద్దెనిమిది గింజలు, ఇరవై రెండు, ఇరవై ఏడు. శుక్రవారం సెలవునాడు ముప్పై గింజలు కూడా పడ్డాయి.

మోకాళ్ళు మాత్రం నొప్పి చేసేవి. వయసు కదా. నొప్పి మాత్రలు వేసుకునేది, అదీ పరగడుపున, పరుగుకి ముందు. నేను తిట్టేదాన్ని. "రోగులకి చెబుతావు, నువ్వు వినవేం సిస్టర్?" అంటే, నర్సులకి మందులు పనిచేస్తాయి గానీ చెడు చెయ్యవని నవ్వేసేది. లోకంలో ఉన్న నర్సులందరిదీ ఇదే తెగులు. నేనూ అంతే, తలనొప్పి వస్తే చేతికందినది వేసుకుని పని చేసుకుపోయేదాన్ని. అందుకే గట్టిగా పట్టుబట్టలేదు. టికెట్టుకి ఇంక తొమ్మిది రోజులుందనగా, ఒక మంగళవారం పొద్దున పరుగుకి రాలేదు. కడుపులో మంటగా ఉంది, ఇవాళ్టికి విశ్రాంతి అంది. పందేనికి ముందు విశ్రాంతి మంచిదేలే అనుకుని నేను డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఆ వేళ తోటల్లోకి పనివాళ్ళని తీసుకెళ్ళే పికప్పు బోల్తా పడింది. అయిదుగురిని ఒక్కసారి తెచ్చి పడేశారు. ఒకడికి చెయ్యి విరిగింది, ఒకడికి తల పగిలింది, ఇంకొకడు ఏమీ కాకపోయినా అందరికన్నా గట్టిగా ఏడుస్తున్నాడు. ఉన్నది ఇద్దరం. నా చేతుల్లో రక్తం, భుజాన బీపీ మిషను. ఆ సందట్లో, పదకొండింటప్పుడు, పెద్ద సిస్టరు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. మెట్లు దిగుతూంటే కళ్ళు తిరిగాయంది. మొహం పాలిపోయి ఉంది. తెల్లవాళ్ళ మొహం ఎప్పుడు పాలిపోయిందో, ఎప్పుడు మామూలుగా ఉందో నాకేం తెలుస్తుంది అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు తెలుసు. రోజూ చూసే మొహం.

కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను. నాడి పూర్తిగా ఒక నిమిషం చూడాలి, పాఠం అది. పని ఒత్తిడిలో అందరం చేసేది వేరు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తాం. పందొమ్మిది కొట్టుకుంది. పందొమ్మిది నాలుగులు డెబ్బై ఆరు. బీపీ కాస్త తక్కువే, అయినా గీత లోపలే ఉంది. కాగితం మీద రాశాను. డ్యూటీ డాక్టరు తల పగిలినవాడికి కుట్లు వేస్తూ, కాగితం కేసి ఒక చూపు చూసి, అన్నీ బాగానే ఉన్నాయి, ఎండ దెబ్బ, ఉప్పూ పంచదారా నీళ్ళు తాగి పడుకోమనండి అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. భయపడ్డాను కదా, అందుకు. పెద్ద సిస్టరు తల ఎత్తి, "ఎంతుంది?" అని అడిగింది.

"డెబ్బై ఆరు సిస్టర్, నార్మల్" అన్నాను.

ఆవిడ నాకేసి చూసింది. ఒక్క క్షణమే. తర్వాత నా చేతి మీద తట్టి, "మంచిది. వెళ్ళు, వాళ్ళని చూసుకో" అంది. లేచి, గోడ పట్టుకునే వెళ్ళిపోయింది. నేను విరిగిన చెయ్యి దగ్గరికి పరిగెత్తాను.

నలభై నాలుగు కొట్టుకునే గుండె డెబ్బై ఆరు కొట్టుకుంటోందంటే అది పరుగు పెడుతోందన్నమాట. కుర్చీలో కూర్చున్న మనిషి గుండె, లోపల రక్తం కారిపోతూంటే, ఉన్న కాస్త రక్తాన్నీ తిప్పడానికి ఆపసోపాలు పడుతోందన్నమాట. నర్సుకి కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అది? ఇంకొకరి నాడి డెబ్బై ఆరయితే నేను రాసింది ఒప్పే. ఆ మేడ మీద ఆవిడ నాడి రోజూ రాసుకున్నది నేనొక్కదాన్నే. ప్రపంచంలో ఇంకెవరు రాసినా తప్పు కాదు, నేను రాస్తేనే తప్పు.

మూడింటికి డ్యూటీ దిగి, కాస్త జావ కాచుకుని గదికి వెళ్ళాను. తలుపు గడియ పెట్టి లేదు. బాత్రూము గడప దగ్గర పడి ఉంది. నేల మీద నల్లటి రక్తం. నేను వేసిన కేకకి మెయింటెనెన్స్ అన్న ఈసారి దగ్గకుండా, గొంతు సవరించుకోకుండా పైకొచ్చాడు. ఇద్దరం దుప్పట్లో వేసి మోసుకెళ్ళాం. ఆవిడ బరువే లేదు. ఎమర్జెన్సీలో అందరూ చెయ్యగలిగినంతా చేశారు, ఆ డాక్టరే రెండు చేతులా పనిచేశాడు. కడుపులో పుండు పగిలిందన్నాడు, నొప్పి మాత్రల వల్ల. పొద్దున వచ్చి ఉంటే అన్నాడు. పొద్దున వచ్చింది కదా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. పొద్దుగూకే వేళ నమాజు బాంగు వినబడుతుండగా ఆ చెయ్యి నా చేతిలోనే ఆగిపోయింది. మెయింటెనెన్స్ అన్న గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడి, "ఇంటికి వోతనన్నది గదా సిస్టరమ్మా, తొమ్మిది రోజులే ఉండె" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత కాగితాలు. ఎవరైనా అక్కడ పోతే శవాన్ని పంపడానికి ఎన్ని ముద్రలు కావాలో, ఎన్ని ఆఫీసులు తిరగాలో గల్ఫులో ఉన్నవాళ్ళకి తెలుసు. హైదరాబాదాయన ఫైలు తెరిచి ముద్ర ఉన్న పేజీ నా వైపు తిప్పాడు. "ఎగ్జిట్ అల్రెడీ కొట్టి ఉంది సిస్టర్. ఆమెకు కొత్తది తియ్యక్కర్లేదు" అన్నాడు. అని, అలా అన్నందుకు తనే కళ్ళు తుడుచుకున్నాడు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టగానే ఆవిడ ఇన్సూరెన్సు కూడా ఆగిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడకి ముందే తెలుసట, సంతకం ఉంది. అప్పటినుంచి నాకో ఆలోచన పట్టుకుంది. డెబ్బై ఆరని నేను చెప్పినప్పుడు ఆవిడకి తెలీదా? నలభై ఏళ్ళుగా తన గుండెని తనే లెక్కపెట్టుకున్న మనిషికి? వార్డులో పడుకోబెడితే బిల్లు తనే కట్టుకోవాలని, టికెట్టు పోతుందని, పందెం పోతుందని తెలిసే ఊరుకుందా? లేకపోతే కళ్ళు తిరిగి ఉన్న మనిషి, నేను నార్మల్ అన్నానని, నన్ను నమ్మిందా? కొన్నాళ్ళు తెలిసే ఊరుకుందని అనుకుంటాను, అప్పుడు ఆవిడ మీద కోపం వస్తుంది. కొన్నాళ్ళు నన్ను నమ్మిందని అనుకుంటాను, ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టదు.

వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు అచ్చం అక్కదే. అక్క బాధపడిందా అని అడిగింది. లేదన్నాను. నా పేరు తనకి తెలుసట, గింజలు లెక్కపెట్టే అమ్మాయివి నువ్వేనా అని అడిగింది. ఇంక దాచలేకపోయాను. ఆ పొద్దున నా దగ్గరికి వచ్చిందని, నేనే నాడి చూశానని, డెబ్బై ఆరు ఉంటే నార్మల్ అని పంపేశానని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ రైతు మనిషి, ఈ లెక్కలు తెలీవు. నన్ను ఓదార్చడానికన్నట్టు మెల్లగా, "డెబ్బై ఆరంటే మంచిదే కదమ్మా?" అంది. అవునండీ, మంచిదే అన్నాను.

నేను ఇంకో ఏడాది అక్కడే చేసి, నా ఎగ్జిట్ నేను కొట్టించుకుని వచ్చేశాను. ఇక్కడ కూడా చాలా ఏళ్ళు చేశాను. ఎవరి చెయ్యి పట్టుకున్నా వాచీలో ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగేదాకా వదల్లేదు. నర్సమ్మగారికి చాదస్తం అని కుర్ర డాక్టర్లు విసుక్కునేవారు. పూర్తి నిమిషం చూసినా ఆ వేళ అంకె మారేది కాదు, డెబ్బై ఆరే వచ్చేది, అది నాకూ తెలుసు. కానీ నిమిషంసేపు ఆ చెయ్యి నా చేతిలో ఉండి ఉంటే, అది ఎవరి చెయ్యో నాకు గుర్తొచ్చేది. ఆ రోజు తొందరలో నేను నలభై అయిదు సెకన్లు మిగుల్చుకున్నాను. ఇన్నేళ్ళూ గడిచిపోయాయి గానీ, ఆ నలభై అయిదు సెకన్లు మాత్రం ఇంకా గడవలేదు.